ఘాటీ దారిలో విద్యుత్ కారు: యూనిట్ల లెక్క

ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తి దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానం. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ ఇదే. ఒక కిలోవాట్ పరికరం గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే శక్తి. ఈ లెక్కన 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారు నిండా చార్జింగ్ చేసుకుని బయలుదేరినప్పుడు దాని దగ్గరున్న మొత్తం శక్తి మూడున్నర లీటర్ల పెట్రోలుకు మించదు. అంత కొద్ది శక్తితోనే అది 200 కిలోమీటర్ల దాకా నడవగలుగుతోంది. విద్యుత్ కారు గొప్పతనమూ, దానితో వచ్చే చిక్కులూ రెండూ ఈ ఒక్క లెక్కలోనే ఉన్నాయి.

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాలు పెళ్లికైనా, పెద్దాసుపత్రికైనా, పిల్లల చదువులకైనా విశాఖపట్నం వెళ్లాలంటే పొట్టంగి, సుంకి దాటి సాలూరు వైపు ఘాటీ, అంటే కొండ మలుపుల దారి, దిగాలి. అందుకే ఆ ప్రాంతాల్లో విద్యుత్ కారు ప్రస్తావన వస్తే మొదట వినిపించే ప్రశ్న ‘ఘాటీ ఎక్కుతుందా?’ అని. ఎక్కుతుంది, ఆ మాటకొస్తే పెట్రోలు కారు కన్నా తేలికగా ఎక్కుతుంది. అసలు తేల్చుకోవలసింది ఎక్కడానికి ఎన్ని యూనిట్లు పోతాయి, దిగేటప్పుడు ఎన్ని తిరిగొస్తాయి, తిరిగిరానివి ఎక్కడ పోతున్నాయి అన్నది.

పెట్రోలు ఇంజను వేడిని కదలికగా మార్చే యంత్రం. మండిన ఇంధనంలోని శక్తిలో పావు వంతు చక్రాలకు చేరితే గొప్ప. మిగిలినదంతా రేడియేటరు గుండానో సైలెన్సరు గుండానో వేడిగా బయటకు పోతుంది. వృథా అంత పెద్దది కావడం వల్ల చిన్నాచితకా ఖర్చులు అందులో కలిసిపోయి కంటికి ఆనవు. ఏసీ వేసినా, పైన సామాను కట్టినా, వేగం పెంచినా మైలేజీ కొంత తగ్గిందని అనుకుంటామే తప్ప ఎంత తగ్గిందో ఎవరూ లెక్క చూడరు. విద్యుత్ కారులో బ్యాటరీ నుంచి బయలుదేరిన శక్తిలో 85 నుంచి 90 శాతం చక్రాలకు చేరుతుంది. దాచుకోవడానికి వృథా లేదు కాబట్టి ప్రతి అదనపు ఖర్చూ నేరుగా డ్యాష్‌బోర్డు మీద శాతాల్లో కనిపిస్తుంది. కొత్తగా కొన్నవారు ‘చార్జింగ్ ఇట్టే దిగిపోతోంది’ అని చేసే ఫిర్యాదుకు చాలావరకు కారణం ఇదే: పాత కారు చూపించని జమాఖర్చును కొత్త కారు చూపిస్తోంది.

కారు అడుగున పలకలా పరుచుకుని ఉండే బ్యాటరీ నిజానికి చిన్న చిన్న సెల్‌ల సముదాయం. ప్రతి సెల్‌లోనూ ఒకవైపు గ్రాఫైట్ పూసిన రాగి రేకు, మరోవైపు లిథియం సమ్మేళనం పూసిన అల్యూమినియం రేకు, మధ్యలో లిథియం అయాన్లు ఈదడానికి వీలిచ్చే ద్రవం ఉంటాయి. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి కూర్చుంటాయి; కారు నడిచేటప్పుడు అవి వెనక్కి మళ్లుతాయి. అయాన్లు లోపలి నుంచి ప్రయాణిస్తే, వాటికి జతపడే ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా తిరిగి రావాలి. ఆ తిరుగుడే మనం వాడుకునే కరెంటు. ఇక్కడ రసాయనం ఏదీ కాలిపోదు, కేవలం చోటు మారుతుంది. అందుకే ఒకే సెల్ వేలసార్లు నిండి, ఖాళీ కాగలుగుతుంది. ఆ అల్యూమినియం రేకు మాటకొస్తే, కోరాపుట్ జిల్లా పంచపట్మలి కొండమీది బాక్సైట్ దామంజోడి కర్మాగారంలో అల్యూమినాగా మారి, అక్కడి నుంచి అంగుల్‌కు వెళ్లి లోహమవుతుంది. బ్యాటరీకి కావలసిన ముడిసరుకుల్లో కనీసం ఒకటి ఈ కొండల్లోనే ఉంది.

మన దేశంలో తక్కువ ధర విద్యుత్ కార్లలో ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 1997లో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్‌తో కలిసి ఎ.కె. పాఢి, కె.ఎస్. నంజుండస్వామి ప్రచురించిన పరిశోధన దీనికి మూలం. (పాఢి అన్న ఇంటిపేరు ఒడిశాలో ఉండే పాఠకులకు కొత్త కాదు.) ఇనుము, ఫాస్ఫేట్ చవక, నికెల్, కోబాల్ట్ రకాలతో పోలిస్తే ఈ సెల్ వేడికి తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది, మంట అంటుకునే ప్రమాదమూ తక్కువ. బదులుగా బరువు ఎక్కువ. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 3.2 ఓల్టులే కాబట్టి వందకు అటూఇటూగా సెల్‌లను వరుసగా కలిపి 320 ఓల్టుల దాకా తెస్తారు. వరుసలో కలపడంతో ఒక ఇబ్బంది వస్తుంది: కాడికి కట్టిన ఎడ్లలో నెమ్మదిగా నడిచేదే బండి వేగాన్ని నిర్ణయించినట్టు, అన్నిటికన్నా బలహీనమైన సెల్ ఖాళీ అయిన క్షణంలోనే మొత్తం బ్యాటరీ ఖాళీ అయినట్టు లెక్క. ప్రతి సెల్ ఓల్టేజీని, ఉష్ణోగ్రతను కనిపెట్టి చూస్తూ, హెచ్చుతగ్గులను సరిచేసే ఎలక్ట్రానిక్ కాపలా వ్యవస్థ ప్రతి విద్యుత్ కారులోనూ ఉండడానికి కారణం అదే.

ఈ రకం సెల్‌కు మరో విచిత్ర గుణముంది. 20 శాతం నుంచి 80 శాతం వరకు దాని ఓల్టేజీ పెద్దగా మారదు. తేడా పదో వంతు ఓల్టుకు అటూఇటుగా ఉంటుంది. అంటే ఓల్టేజీని కొలిచి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. కంప్యూటరు లోపలికి వచ్చిన, బయటకు పోయిన కరెంటును కూడుతూ తీసివేస్తూ అంచనా కడుతుంది, ఆ అంచనాలో పొరపాటు రోజురోజుకీ పేరుకుంటుంది. 25 శాతం చూపించిన కారు ఉన్నట్టుండి 15కు పడిపోవడం వెనక చాలాసార్లు లోపం కాదు, ఈ పేరుకున్న పొరపాటే ఉంటుంది. అప్పుడప్పుడు నెమ్మదిగా నూరు శాతం దాకా చార్జింగ్ పెడితే లెక్క సరిపడుతుంది. నికెల్ రకం బ్యాటరీలకు ఎనభై శాతం దగ్గర ఆపమని చెప్పే సలహాను ఈ రకానికి గుడ్డిగా వర్తింపజేయకూడదు. ఏ రకం బ్యాటరీయో తెలుసుకుని, కంపెనీ పుస్తకంలో రాసిందే పాటించాలి.

బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ ప్రవాహం (డీసీ), మోటారుకు కావలసింది దిశ మార్చుకుంటూ ఉండే మూడు ఫేజుల కరెంటు (ఏసీ). ఈ మార్పిడి చేసేది ఇన్వర్టర్. లోపలి స్విచ్చులు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ, యాక్సిలరేటర్ మీద పాదం ఎంత నొక్కితే అంతకు తగ్గ తరంగాన్ని తయారుచేస్తాయి. బియ్యం మిల్లులో, పొలం పంపుసెట్టులో తిరిగే త్రీఫేజ్ మోటారు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: బయటి చుట్లలో అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంటే లోపలి భాగం దాన్ని పట్టుకుని తిరుగుతుంది. తేడా ఏమిటంటే మిల్లు మోటారుకు ఊరి లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ తప్ప మరో వేగం తెలియదు, కారు మోటారుకు ఇన్వర్టర్ ఏ క్షణానికి ఏ వేగం కావాలంటే అది ఇవ్వగలదు.

నేటి కార్లలో అధికభాగం లోపలి భాగానికి నియోడిమియం అనే అరుదైన మృత్తిక లోహంతో చేసిన శాశ్వత అయస్కాంతాలు అమరుస్తున్నారు. చిన్న పరిమాణంలో ఎక్కువ బలం ఇస్తాయి. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మృత్తికల, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేసినప్పుడు మన వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది ఇందుకే. గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుక నుంచి మోనజైట్ అనే ఖనిజాన్ని తీసి, అరుదైన మృత్తికల మిశ్రమాన్ని వేరుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ దశాబ్దాలుగా పనిచేస్తూనే ఉంది. అయినా ఆ ఇసుకకూ కారు అయస్కాంతానికీ మధ్య శుద్ధి, లోహం, మిశ్రమలోహం, అయస్కాంతం అనే పారిశ్రామిక మెట్లు చాలా ఉన్నాయి. వాటిలో చివరి మెట్లను మన దేశం పెద్ద ఎత్తున ఇంకా ఎక్కలేదు.

పెట్రోలు ఇంజను తక్కువ వేగంలో బలహీనం. అందుకే దానికి క్లచ్, గేర్లు. ఘాటీ మలుపులో ముందున్న లారీ ఆగిపోతే హ్యాండ్‌బ్రేకు, క్లచ్, యాక్సిలరేటర్ మూడింటితో డ్రైవరు పడే అవస్థ. విద్యుత్ మోటారు కదలక ముందే తన పూర్తి తిప్పుడు బలాన్ని ఇస్తుంది. ఒకే ఒక్క తగ్గింపు గేరు చాలు. కారు, మనుషులు, సామాను కలిపి 1,600 కిలోలు అనుకుంటే, వంద మీటర్లకు 5 మీటర్లు లేచే వాలును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి కావలసింది పదకొండు, పన్నెండు కిలోవాట్లు మాత్రమే. చిన్న విద్యుత్ కారు మోటారు కూడా దీనికి అనేక రెట్లు ఇవ్వగలదు. కాబట్టి ఎక్కగలదా అన్న సందేహం అనవసరం.

ఖర్చు మాత్రం నిజమే. అదే కారు చదునైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే కిలోమీటరుకు దాదాపు 0.13 యూనిట్లు వాడుతుంది. పైన చెప్పిన వాలు ఎక్కేటప్పుడు అది 0.32 దాకా పోతుంది. పది కిలోమీటర్ల ఏకధాటి ఎక్కుడుకు మూడు యూనిట్లకు పైగా ఖర్చు, అంటే 30 యూనిట్ల బ్యాటరీలో పదో వంతు కంటే ఎక్కువ. డ్యాష్‌బోర్డులో మిగిలిన కిలోమీటర్ల సంఖ్య కళ్లముందే కరిగిపోతుంటే కంగారు పడడం సహజం. ఆ సంఖ్య ఇప్పటిదాకా నడిచిన తీరు చూసి వేసిన అంచనా మాత్రమే. ఎక్కుడు మరో మూడు మలుపుల్లో అయిపోతుందని దానికి తెలియకపోవచ్చు. ఘాటీలో ఆ సంఖ్యను పక్కనపెట్టి శాతాన్ని చూడడం మేలు.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. పాదం తీయగానే చక్రాలే మోటారును తిప్పడం మొదలుపెడతాయి. అయస్కాంతాలు చుట్ల మధ్య తిరిగితే అందులో కరెంటు పుడుతుంది; ఇన్వర్టర్ దాన్ని ఏకముఖ ప్రవాహంగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. అలా కరెంటు తీసుకోవడమే చక్రాలకు అడ్డంకిగా, అంటే బ్రేకుగా పనిచేస్తుంది. లారీలకు పేరుపడ్డ సాలూరులో కొత్త డ్రైవర్లకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, న్యూట్రల్‌లో దించకు అని. ఇంజను పట్టు వదిలితే భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. విద్యుత్ కారు ఆ ఇంజను పట్టునే మరింత గట్టిగా ఇస్తూ, వేడిగా పోవలసిన శక్తిలో కొంత వెనక్కి తెస్తుంది.

ఎంత తెస్తుందన్నదే తరచు అతిశయోక్తికి గురయ్యే చోటు. అదే వాలు దిగుతున్నప్పుడు కొండ ఇచ్చే తోపులో కొంత టైర్ల రాపిడికి, గాలి అడ్డుకు పోతుంది. మిగిలినదాంట్లో కూడా జనరేటరుగా మారిన మోటారు, ఇన్వర్టర్, బ్యాటరీ దాటేసరికి మూడో వంతు దాకా పోతుంది. పది కిలోమీటర్ల దిగుడుకు చేతికి వచ్చేది దాదాపు ఒక యూనిట్. ఎక్కడానికి పోయిన మూడు యూనిట్లలో తిరిగి దక్కింది ఒకటేనా అని చిన్నచూపు చూడనక్కర్లేదు. దిగిన పది కిలోమీటర్లకూ ఖర్చు సున్నా. ఎక్కి దిగిన ఇరవై కిలోమీటర్లకు సగటు తీస్తే కిలోమీటరుకు 0.11 యూనిట్లు. చదును రోడ్డు మీద 80 వేగంతో పోయినదానికన్నా ఇది తక్కువే, ఎందుకంటే ఘాటీలో ఎవరూ 80లో పోరు.

ఈ తిరుగు రాబడికి రెండు షరతులున్నాయి. నిండిన బ్యాటరీలో కొత్త కరెంటుకు చోటుండదు. కారు దాన్ని తీసుకోవడానికి నిరాకరించి మామూలు బ్రేకుల మీదే వదిలేస్తుంది. కోరాపుట్‌లో నూరు శాతం చేసుకుని సాలూరు వైపు బయలుదేరినవారికి సుంకి చేరేలోపే తగినంత చోటు ఏర్పడుతుంది కనుక ఇబ్బంది లేదు. పొట్టంగిలోనో సుంకిలోనో బంధువుల ఇంట్లో రాత్రంతా చార్జింగ్ పెట్టి, తెల్లారి నేరుగా ఘాటీలోకి దింపేవారే జాగ్రత్త పడాలి. వారు తొంభై దగ్గర ఆపుకుంటే మంచిది. రెండోది చలి. డిసెంబరు, జనవరిల్లో సెమిలిగుడ, పొట్టంగి పరిసరాల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే దిగువకు పోతుంది. చల్లని సెల్‌లోకి కరెంటును వేగంగా తోస్తే లిథియం గ్రాఫైట్‌లోకి చొరబడలేక పైన లోహపు పొరగా పేరుకుని సెల్‌ను పాడుచేస్తుంది. అందువల్ల కాపలా వ్యవస్థ ఆ సమయంలో రాబడిని కావాలనే తగ్గిస్తుంది. నిన్న సాయంత్రం ఉన్న బ్రేకు పట్టు ఈ ఉదయం లేదేమిటని అనిపించడానికి కారణం అదే.

ఘాటీ కన్నా ఎక్కువ యూనిట్లు తినేది బరంపురం నుంచి ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం పోయే 16వ నంబరు జాతీయ రహదారి. ఆ దారిలో కొండ లేదు, వేగం ఉంది. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 80 నుంచి 100కు పెంచితే వేగం పెరిగింది పావు వంతే అయినా గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది, కిలోమీటరు ఖర్చు 0.13 నుంచి 0.17కు చేరుతుంది. బరంపురం నుంచి విశాఖకు సుమారు 260 కిలోమీటర్లు అనుకుంటే, 80లో పోయేవారికి 34 యూనిట్లు, 100లో పోయేవారికి 44. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారులో మొదటివారు నిశ్చింతగా చేరతారు, రెండోవారు ఆనందపురం దాటేసరికి చార్జింగ్ కేంద్రం కోసం వెతుక్కుంటారు. అమ్మకం కరపత్రాల్లో కనిపించే కిలోమీటర్ల సంఖ్య నెమ్మది ట్రాఫిక్‌ను పోలిన ప్రమాణ పరీక్షలో వచ్చినది. అందులో అత్యధిక వేగం 90, అదీ కొద్దిసేపే. దానిలో మూడో వంతు తీసేసి చూసుకుంటే రహదారి సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఇంటి దగ్గర చార్జింగ్‌లో ఈ జిల్లాల ప్రత్యేక సమస్య వేగం కాదు, ఎర్తింగ్. 15 ఆంపియర్ల ప్లగ్గుతో 3.3 కిలోవాట్ల చొప్పున పెడితే 30 యూనిట్లకు పది గంటలు, రాత్రి పెడితే ఉదయానికి అవుతుంది. ఓల్టేజీ 190కి పడిపోయే ఊళ్లలో మరో రెండు గంటలు. కానీ చార్జింగ్ కేబులు మీదున్న చిన్న పెట్టె ముందుగా ఎర్త్ తీగను పరీక్షిస్తుంది, అది సరిగా లేకపోతే కరెంటు వదలదు, ఎర్ర దీపం వెలిగించి ఊరుకుంటుంది. రాతి నేలల్లో, ఎర్ర గరప నేలల్లో వేసవికి ఎర్త్ గొయ్యి పూర్తిగా ఎండిపోయి నిరోధం పెరుగుతుంది. కారు చెడిపోయిందని మెకానిక్‌కు కబురుపెట్టేముందు గోతిలో రెండు బిందెల నీళ్లు పోసి చూడడం మేలు. శాశ్వతంగా కావాలంటే ఉప్పు, బొగ్గు వేసి కొత్త గొయ్యి తీయించాలి. పాత ఇళ్ల వైరింగ్ సంగతీ అంతే. గీజరు పావుగంట లాగే కరెంటును కారు పది గంటలు ఆపకుండా లాగుతుంది. వదులుగా ఉన్న ప్లగ్గు అర్ధరాత్రికి వేడెక్కి కరిగిపోతుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సొంత ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే దానంతటదే ఆగే స్విచ్చు) పెట్టించుకోవడం కారు ధరతో పోలిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంటి కరెంటు ఏసీ, బ్యాటరీకి కావలసింది డీసీ. కారులోనే ఉండే చార్జర్ ఈ మార్పిడి చేస్తుంది, దాని సామర్థ్యమే ఇంటి చార్జింగ్‌కు హద్దు. రోడ్డు పక్కన ఉండే ఫాస్ట్ చార్జర్ ఆ మార్పిడిని తానే చేసి నేరుగా బ్యాటరీకి అందిస్తుంది కనుక గంటలోపే ఎనభై శాతం దాకా నింపగలదు. ఆపైన సెల్‌ల రక్షణ కోసం వేగం బాగా తగ్గిపోతుంది. ఎనభై దాటాక అక్కడ కూర్చోవడం కాలహరణం.

ఆ కరెంటు ఎక్కడిదన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి పనిచేస్తోంది, ఎగువ కొలాబ్, బలిమెల కూడా ఈ కొండల్లోవే. అయితే గ్రిడ్‌లో కలిశాక నీటి కరెంటు, బొగ్గు కరెంటు అని వేరుచేయలేం. దేశం మొత్తం సగటున ఒక యూనిట్‌కు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతోంది. చార్జింగ్ నష్టాలు కలిపినా విద్యుత్ కారు వాటా కిలోమీటరుకు 105 గ్రాముల దగ్గర ఉంటే, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుది 150 దాటుతుంది. మేలే, కానీ పొగగొట్టం లేదు కనుక కాలుష్యమే లేదన్న ప్రచారం నిజం కాదు.

ఇక కోరాపుట్–విశాఖ ప్రయాణం లెక్క. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, విశాఖ సముద్రపు ఒడ్డున. దూరం దాదాపు 200 కిలోమీటర్లు. చదునుగా ఉంటే 26 యూనిట్లు పట్టే ఈ దారిలో దిగేటప్పుడు కొండ కొంత తిరిగిస్తుంది కాబట్టి 23 యూనిట్ల చిల్లరతో చేరవచ్చు. తిరుగు ప్రయాణంలో అదే ఎత్తును మోయాలి కాబట్టి 30 దాటుతుంది. రెంటికీ తేడా ఏడు యూనిట్లు, మైదానంలో యాభై కిలోమీటర్లకు పైగా దూరానికి సరిపడే శక్తి. 30 యూనిట్ల కారు వెళ్లేటప్పుడు ఒక్క చార్జింగ్‌తో గట్టెక్కుతుంది, వచ్చేటప్పుడు గట్టెక్కదు. వేసవిలో గంటకు ఒక యూనిట్ దాకా వాడే ఏసీ ఖర్చు ఇందులో కలపలేదు. నాలుగైదు గంటల దారిలో అదీ చిన్నదేమీ కాదు. తిరిగి వచ్చేటప్పుడు చార్జింగ్‌కు ఆగవలసింది విజయనగరం, సాలూరుల మధ్య మైదానంలో, ఘాటీ మొదలుకాకముందే. ఎక్కుడు మొదలయ్యేసరికి బ్యాటరీలో కనీసం మూడింట రెండు వంతులు ఉంటే సుంకి మీదుగా కోరాపుట్ దాకా ఏసీ కట్టేయకుండానే చేరవచ్చు.